మందుకు ఐదు, మాటకు రెండు: నాకు ట్రీట్‌మెంట్ ఇచ్చిన క్యాన్సర్ ఆసుపత్రి గురించి

నేను లింఫోమా అనే లింఫ్ కణాల క్యాన్సర్ నుంచి బయటపడ్డాను. మందులు ఆపి చాలా కాలమైంది, ఫాలో అప్‌లో అంతా బాగుందంటున్నారు, మళ్లీ రాసుకుంటున్నాను. అయినా ఆ ఆసుపత్రి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. అక్కడ వైద్యం చాలా గొప్పగా చేశారు. ఆ వైద్యం గురించి రోగికి చెప్పాల్సిన పద్ధతిలో మాత్రం చెప్పలేదు. అందుకే రేటింగ్ రెండుగా విడగొట్టి ఇస్తున్నాను: మందుకు ఐదుకి ఐదు, మాటకు ఐదుకి రెండు. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఆ తర్వాత వేరే వేరే చోట్ల చూపించుకున్నవాళ్లతో చాలామందితో మాట్లాడాను, ఆసుపత్రి మారినా కథ పెద్దగా మారలేదు. ఎక్కడికెళ్లినా ఏం అడగాలో, ఏం చూసుకోవాలో తెలిస్తే అదే ఎక్కువ పనికొస్తుంది.

ముందు మంచి చెప్తాను, అదేం చిన్న విషయం కాదు. మెడలో గడ్డ అని వెళ్తే ఏదో యాంటీబయాటిక్ రాసిచ్చి పంపేయకుండా నేరుగా బయాప్సీకి పంపారు. లింఫోమా అనుమానం ఉన్నప్పుడు సన్న సూదితో నాలుగు కణాలు లాగి చూస్తే సాధారణంగా సరిపోదు, గడ్డనైనా, అందులో తగినంత ముక్కనైనా తీసి పరీక్షించాలి. లింఫోమాల్లో పదుల రకాలున్నాయి, రకాన్ని బట్టే మందు. వాళ్లు ఆ పని తొందరపడకుండా సరిగ్గా చేశారు. నాది డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ అనే రకమని తేలింది. దానికి ఎక్కువగా ఇచ్చేది ఆర్-చాప్ అనే ఐదు మందుల కలయిక, మామూలుగా 21 రోజులకు ఒక సైకిల్. నాలుగు నరం ద్వారా ఎక్కిస్తారు, ఐదోది స్టెరాయిడ్ మాత్ర. డే కేర్‌లో ప్రతి మందు ఎక్కించే ముందు ఇద్దరు సిస్టర్లు వచ్చి నా పేరు నాతోనే చెప్పించుకుని, చేతికున్న బ్యాండ్ మీద నంబరూ మందు మీద నంబరూ కలిపి చూసేవాళ్లు, ఎంత రష్ ఉన్నా ఒక్కసారి కూడా ఆ పని మానలేదు. ఆ ఐదింట్లో ఒకటైన రిటుక్సిమాబ్ మొదటిసారి ఎక్కుతుంటే ఒళ్లంతా చలి, పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది. నేను పిలిచేలోపే సిస్టర్ వచ్చి డ్రిప్ ఆపేసింది, ఇంజెక్షన్ ఇచ్చింది, వణుకు తగ్గేదాకా పక్కనే నిలబడి, తర్వాత చుక్కల వేగం తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. "మొదటి డోసుకి చాలామందికి ఇలా అవుతుందమ్మా, తర్వాత్తర్వాత తగ్గుతుంది" అంది. నిజంగానే తగ్గింది. ఈ చేతులకి ఐదు కాదు, పది ఇమ్మన్నా ఇస్తాను.

ఇక మాట దగ్గరికొద్దాం.

బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు డాక్టర్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మా చెల్లెల్ని "మీరొకసారి ఇలా రండి" అని బయటికి తీసుకెళ్లారు. గది తలుపుకి అద్దం ఉంది. ఆయన మాట్లాడుతున్నారు, అది తలూపుతోంది, కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. నాకొచ్చిన జబ్బు సంగతి నాకు ఆ అద్దంలోంచి తెలిసింది. లోపలికొచ్చాక "ఏం లేదక్కా, ట్రీట్‌మెంట్ ఉందంట" అంది. ఆయన మాత్రం కంప్యూటర్ వైపు చూస్తూ "కంగారేం లేదు, వచ్చే వారం స్టార్ట్ చేద్దాం" అన్నారు. ఏది స్టార్ట్ చేస్తారో, నాకేమైందో నేనే అడిగి చెప్పించుకోవాల్సి వచ్చింది.

ఇంట్లోవాళ్లే "ఆవిడకి చెప్పొద్దు డాక్టర్" అని బతిమాలే సందర్భాలుంటాయి, నాకు తెలుసు. మా చెల్లెలు అడగలేదు, ఒకవేళ అడిగినా సరే, ఎంతవరకు తెలుసుకోవాలో తేల్చుకోవాల్సింది ముందు రోగి. వద్దనుకుంటే వద్దనే హక్కు కూడా రోగిదే. ఒకప్పుడు దాచడమే మర్యాద అనుకునేవాళ్లు. 1961లో అమెరికాలో డాక్టర్లని సర్వే చేస్తే దాదాపు 90 శాతం మంది క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో అదే ప్రశ్న మళ్లీ అడిగితే 97 శాతం మంది చెప్పడానికే ఇష్టపడతామన్నారు. ఇరవై ఏళ్లు తిరగకుండానే మొత్తం తలకిందులైంది. అంటే చెప్పాలా వద్దా అనే ప్రశ్నని చాలామంది డాక్టర్లు ఎప్పుడో దాటేశారు. ఎలా చెప్పాలి అనే దగ్గరే ఇంకా ఆగిపోయి ఉన్నాం.

దానికీ పద్ధతి లేకపోలేదు. 2000లో క్యాన్సర్ డాక్టర్ల కోసమే స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి అచ్చయింది. అందులో అసలు కబురు చెప్పడం నాలుగో మెట్టు. దానికంటే ముందు మూడున్నాయి: నలుగురూ తిరగని చోట కూర్చోవడం, మీకు ఇప్పటిదాకా ఏం తెలుసని అడగడం, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో అడగడం. చెప్పాక మనిషి ఏడిస్తే ఏడవనివ్వడం ఐదోది, తర్వాత ఏం చేయబోతున్నామో కలిసి మాట్లాడుకోవడం ఆరోది. నా విషయంలో నేరుగా ఆరోదానికి దూకేశారు, అది కూడా నాతో కలిసి కాదు.

దీనికంటే నన్ను ఎక్కువ కుంగదీసింది స్టేజ్. జబ్బు ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూసే పెట్ స్కాన్ రిపోర్టు కవర్‌లో పెట్టి కౌంటర్లో చేతికిచ్చారు. డాక్టర్ అపాయింట్‌మెంట్ నాలుగు రోజుల తర్వాత. ఆటో ఎక్కకముందే కవర్ తెరిచాను, ఎవరైనా తెరుస్తారు. స్టేజ్ 4 అని ఉంది. ఇంక ఆ నాలుగు రోజులూ నేను బతికున్న మనిషిలా లేను. స్టేజ్ 4 అంటే అయిపోయినట్టే అని అప్పటిదాకా అందరి దగ్గరా విని ఉన్నదాన్ని, బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయో చెల్లెలికి చూపించడం మొదలుపెట్టాను. నాలుగో రోజు ఓపీలో మా డాక్టర్ కోసం కూర్చుని ఉంటే ఒక జూనియర్ డాక్టర్ ఫైల్ తీసుకోవడానికి వచ్చి నా ముఖం చూసి ఆగిపోయింది. పక్క కుర్చీలో కూర్చుని, "స్టేజ్ చూసి భయపడ్డారా?" అని అడిగింది. రొమ్ము, ఊపిరితిత్తులు, పెద్దపేగు లాంటి చోట్ల వచ్చే క్యాన్సర్లలో స్టేజ్ 4 అంటే జబ్బు దూరంగా పాకింది, చాలావరకు పూర్తిగా నయం చేయడం కష్టం, అదుపులో పెట్టాలని చూస్తారు. నాకొచ్చిన లింఫోమాలో లెక్క వేరు. లింఫోమా రక్తానికి, లింఫ్ కణాలకి సంబంధించింది, మొదటినుంచీ ఒళ్లంతా తిరిగే కణాల జబ్బు. ఎముక మజ్జలోనో కాలేయంలోనో కనిపిస్తే స్టేజ్ 4 అంటారు, అయినా నయం చేయాలనే ఉద్దేశంతోనే ట్రీట్‌మెంట్ మొదలుపెడతారు, ఆర్-చాప్ తీసుకున్నవాళ్లలో సగానికి పైగా మందికి పూర్తిగా నయమవుతుంది. ఆవిడ ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రెండు నిమిషాలు రిపోర్టు ఇచ్చేటప్పుడే ఎవరో ఒకరు ఖర్చుపెట్టి ఉంటే నాకు ఆ నాలుగు రోజులు ఉండేవి కావు. డాక్టరే అక్కర్లేదు, శిక్షణ ఉన్న నర్సు చాలు.

కీమో మొదలయ్యాక కష్టం ఇంకో రకం. ఆ ఐదు మందుల్లో డాక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది, సిరంజిలో చూస్తే షర్బత్ రంగు. అది ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగానో నారింజ రంగులోనో వస్తుంది, అది రక్తం కాదు, మందు రంగే. ఈ ఒక్క వాక్యం నాకెవరూ చెప్పలేదు. మొదటి కీమో రోజు రాత్రి బాత్రూంలో చూసుకుని గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లోపల ఏదో చితికిపోయి రక్తం పోతోందనుకున్నాను. డిశ్చార్జ్ కాగితం మీదున్న నంబరుకి చెల్లెలు మళ్లీ మళ్లీ చేసింది, రింగ్ అవుతూనే ఉంది. పొద్దున్నే వెళ్తే సిస్టర్, "అయ్యో, అది మందు రంగమ్మా, మీకు చెప్పలేదా?" అని బాధపడింది. ప్రతి ఒక్కరూ ఇంకెవరో చెప్పే ఉంటారనుకుంటారు. ఇది మనుషులు మంచివాళ్లు కాకపోవడం వల్ల వచ్చిన సమస్య కాదు, ఎవరు ఏం చెప్పాలో ఎక్కడా రాసి లేకపోవడం వల్ల వచ్చింది.

స్టెరాయిడ్ మాత్రలూ అంతే. ఐదు రోజులు వేసుకున్నన్నాళ్లు నిద్ర రాదు, విపరీతమైన ఆకలి, ఇల్లంతా సర్దేయాలన్నంత ఊపు. ఆరో రోజు ఉన్నట్టుండి నీరసం, ఏడుపు. ఇది మాత్ర ఆగినందుకని తెలిస్తే ఒక రోజు ఓర్చుకుంటాం. తెలియకపోతే జబ్బు ముదిరిందనుకుంటాం.

ఎర్ర మూత్రం వల్ల నాకు ఒక రాత్రి నిద్ర పోయింది, అంతే. జ్వరం సంగతి అలా కాదు, దయచేసి ఈ పేరా నెమ్మదిగా చదవండి. కీమో ఇచ్చిన వారం, పది రోజులకి తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఇన్ఫెక్షన్‌తో పోరాడే కణాలే లేనప్పుడు జ్వరం ఒక్కటే గుర్తుగా కనిపించవచ్చు, గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటిందంటే పారాసిటమాల్ వేసుకుని పడుకోవడం కాదు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి ఫోన్ చేయాలి, బయల్దేరాలి, యాంటీబయాటిక్ వీలైనంత త్వరగా, కుదిరితే గంటలోపే నరంలోకి వెళ్లాలి. పారాసిటమాల్ వేస్తే జ్వరం దిగుతుంది, లోపలి ఇన్ఫెక్షన్ దిగదు. ఇంత ముఖ్యమైన మాట మా డిశ్చార్జ్ కాగితంలో ఎక్కడుందో తెలుసా, రెండో పేజీ అడుగున, మందుల పేర్ల కింద, పొడి అక్షరాల సంక్షిప్తాల్లో. నాకు జ్వరం వచ్చిన రాత్రి మా చెల్లెలు ఆ లైను ఎలా పట్టుకుందో ఇప్పటికీ ఆశ్చర్యమే. "అక్కా, లే, వెళ్దాం" అని లాక్కెళ్లింది. ఎమర్జెన్సీలో నన్ను అందరితోపాటు వరసలో కూర్చోమన్నారు. నేను కీమో పేషెంట్నని చూపించేదేదీ నా దగ్గర లేదు, నా ఫైల్ వేరే బిల్డింగ్‌లో ఉంది. చెల్లెలు గొంతు పెంచాక గానీ లోపలికి తీసుకోలేదు. తెల్లకణాల కౌంట్ చూస్తే దాదాపు లేనట్టే ఉంది. గొంతు పెంచే చెల్లెలు లేనివాళ్ల పరిస్థితేంటని నేను చాలా రోజులు ఆలోచించాను, ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

మంచి మాట ఎలా ఉంటుందో కూడా అదే ఆసుపత్రిలో చూశాను. రెండో సైకిల్ నుంచి డే కేర్‌లో ఒక సీనియర్ సిస్టర్ ఉండేది. చెప్పాల్సింది చెప్పాక "అర్థమైందా?" అని అడిగేది కాదు. అలా అడిగితే అందరం తలూపుతాం. "ఇప్పుడు ఇంటికెళ్లాక జ్వరమొస్తే ఏం చేస్తారో మీ చెల్లికి చెప్పినట్టు నాకు చెప్పండి" అనేది. నేను చెప్పేటప్పుడు ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ చెప్పేది. దీన్ని టీచ్ బ్యాక్ అంటారని తర్వాత తెలిసింది. డాక్టర్ గదిలో విన్నదాంట్లో 40 నుంచి 80 శాతం వరకు జనం వెంటనే మర్చిపోతారని 2003లో అచ్చయిన ఒక సమీక్షలో ఉంది. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక ఇంకేదైనా బుర్రలోకి ఎక్కుతుందా! కాబట్టి ఒకసారి చెప్పేశాం, మా బాధ్యత తీరిందనుకుంటే కుదరదు. రాసివ్వాలి, మళ్లీ అడగాలి, ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటామంటే చేసుకోనివ్వాలి.

మాటకు ఇచ్చిన రెండు నక్షత్రాల్లో ఒకటి ఈ సిస్టర్‌ది, ఇంకోటి ఆ జూనియర్ డాక్టర్‌ది. సంస్థకు విడిగా ఏమీ ఇవ్వలేదు.

డాక్టర్లకి టైమ్ ఎక్కడుంటుందండీ అని కొందరంటారు. నిజమే, మా డాక్టర్ ఓపీలో జనాన్ని చూస్తే జాలేసేది, మధ్యాహ్నం భోజనం కూడా నిలబడే తినేవాడు. కానీ మాట అంటే మర్యాద కోసం చేసే అదనపు పని అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో ఒక పరిశోధన జరిగింది. పాకిన క్యాన్సర్లకి కీమో తీసుకుంటున్నవాళ్లలో కొందరు తమ వికారం, నొప్పి, ఆయాసం లాంటివి ఇంటినుంచో, ఆసుపత్రికి వచ్చినప్పుడో కంప్యూటర్‌లో నమోదు చేసేవాళ్లు, ఏదైనా ముదిరితే నర్సుకి వెంటనే తెలిసేది. మిగతావాళ్లకి మామూలు పద్ధతే. 2017లో ఫలితాలు చెప్పారు: చెప్పుకునే దారి ఉన్నవాళ్ల మధ్యస్థ జీవితకాలం, అంటే వాళ్లలో సగం మంది దాటిన కాలం, 31.2 నెలలు, మిగతావాళ్లది 26. ఐదు నెలల తేడా. కొత్త మందు ఏదైనా ఐదు నెలలు కలిపిందంటే ఎంత సందడి చేస్తాం! రోగి చెప్పేది ఎవరో ఒకరు వినే ఏర్పాటు ఉంటే ఇంత తేడా వచ్చింది. అందుకే మాటని నేను ట్రీట్‌మెంట్‌లో భాగంగానే రేట్ చేస్తున్నాను, డోసు తప్పితే ఎలా నిలదీస్తామో ఇదీ అలాగే నిలదీయాలి.

చివరి సైకిల్ అయ్యాక పెట్ స్కాన్ చేశారు. ఈలోపు ఆసుపత్రి యాప్ వచ్చింది, రిపోర్టు రాత్రిపూట నేరుగా ఫోన్‌లో పడింది. గడ్డ ఉన్నచోట ఇంకా కొంత మిగిలి ఉందని మొదటి లైను. కింద, ఆ మిగిలిన చోట జబ్బు చురుగ్గా ఉందో లేదో చెప్పే డోవిల్ స్కోరు 2 అని. ఈసారి ఆ సిస్టర్ ముందే చెప్పి ఉంచింది: స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది, 1, 2, 3 వస్తే మామూలుగా మంచి ఫలితమే, మిగిలింది ఎక్కువగా మచ్చకట్టిన కణజాలమే అయ్యుంటుంది. హాయిగా పడుకున్నాను. రిపోర్టు నా ఫోన్‌కి రావద్దని నేననను, అది నాది, నాకు రావాల్సిందే. దాన్ని చదవడానికి నన్ను ముందే సిద్ధం చేయండి అంటున్నాను.

ఆ తర్వాత "మూడు నెలలకి రండి" అన్నారు, అంతే. వేళ్ల చివర తిమ్మిర్లు ఎన్నాళ్లుంటాయి, గుండె పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి, టీకాలు వేయించుకోవచ్చా, పని ఎప్పుడు మొదలుపెట్టొచ్చు, ఒక్కటీ ఎవరూ ఎత్తలేదు. ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే అమెరికన్ డాక్టర్ తనకే క్యాన్సర్ వచ్చి బయటపడ్డాక, ట్రీట్‌మెంట్ అయిపోయినంత మాత్రాన రోగి ప్రయాణం అయిపోదని 1985లోనే రాశాడు, మరుసటి ఏడాది క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ల కోసం ఒక జాతీయ సంస్థ పెట్టినవాళ్లలో ఆయనా ఒకడు. అప్పటినుంచి ఇప్పటికి ఎన్నేళ్లయింది! నేను అడిగి అడిగి ట్రీట్‌మెంట్ సారాంశం రాయించుకున్నాను. మీరూ రాయించుకోండి. ముఖ్యంగా డాక్సోరుబిసిన్ మొత్తం ఎంత ఎక్కిందో అందులో ఉండాలి, ఎందుకంటే అది గుండె మీద ప్రభావం చూపించగల మందు, జీవితం మొత్తంలో తీసుకోదగ్గ మోతాదుకి ఒక హద్దుంది, రేపు ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా ఆ అంకె కావాలి.

ఇంటికొచ్చాక ఆసుపత్రి నుంచి ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చింది. గది శుభ్రంగా ఉందా, భోజనం బాగుందా, బిల్లింగ్‌లో ఆలస్యమైందా, పార్కింగ్ దొరికిందా. మీ జబ్బేంటో మీకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పారా అనే ప్రశ్న లేదు. ఆ ఫారం వెనకాల ఖాళీగా ఉంటే నిండా రాశాను, చాలక ఇంకో కాగితం జతచేశాను. వాళ్లు పిలిచారు, అది వాళ్ల మంచితనం. ఇప్పుడు ఇంకొందరు పాత పేషెంట్లతో కలిసి నేనూ అప్పుడప్పుడు వెళ్లి వాళ్ల కరపత్రాలు, డిశ్చార్జ్ కాగితాలు మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో తిరగరాస్తున్నాను. రాయడం నా పనే కాబట్టి ఇది నా చేతనైన సాయం. జ్వరం సంగతి ఇప్పుడు మొదటి పేజీ పైన, పెద్ద అక్షరాల్లో ఉంది. కీమో తీసుకునే ప్రతి ఒక్కరికీ జేబులో పెట్టుకునే కార్డు ఇస్తున్నారు, ఎమర్జెన్సీలో అది చూపిస్తే వరసలో కూర్చోబెట్టరు. ఎర్ర మూత్రం గురించి కూడా రాశాం. స్టేజ్ రిపోర్టు కవర్‌లో పెట్టి చేతికిచ్చే పద్ధతి ఇంకా పోలేదు, బయటికి పిలిచి ఇంట్లోవాళ్లకి ముందు చెప్పడం కూడా పోలేదు. ఆ రెండూ మారిన రోజు ఈ రేటింగ్ మారుస్తాను.

కొత్తగా ట్రీట్‌మెంట్ మొదలుపెట్టేవాళ్లు ఎక్కడికెళ్లినా మొదటి కీమోకి ముందే నయం చేయడానికి ఇస్తున్నారా, అదుపులో పెట్టడానికి ఇస్తున్నారా అని సూటిగా అడగండి, అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. రిపోర్టు వచ్చిన రోజే దాన్ని వివరించేవాళ్లు ఎవరో అడగండి. ఇంట్లో థర్మామీటర్ పెట్టుకోండి. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే నంబరు అడిగి తీసుకోండి, తీసుకుని ఊరుకోకుండా కీమోకి ముందే ఒక రాత్రి ఆ నంబరుకి ఒకసారి చేసి చూడండి, ఎవరూ ఎత్తకపోతే మర్నాడు వెళ్లి పనిచేసే నంబరు ఇచ్చేదాకా అక్కడే కూర్చోండి.